రంగు ఆవిడకి, రేటు ఆయనకి

మాడ్యులర్ కిచెన్ షోరూముల్లో ఒక మర్యాద నడుస్తోంది. భార్యాభర్తలు లోపలికి అడుగు పెట్టగానే లామినేట్ ముక్కల కట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెడతారు. "మేడమ్, మీరు కలర్స్ చూస్తూ ఉండండి" అంటారు. కొటేషన్ కాగితం మాత్రం ఆయన ముందు పెడతారు. "సార్, బడ్జెట్ సంగతి మనం మాట్లాడుకుందాం" అంటారు. మూడు పూటలా ఆ గట్టు ముందు నిలబడబోయే మనిషికి రంగు. ఎప్పుడో ఆదివారం నాడు టీ పెడితే వారమంతా చెప్పుకునే మనిషికి రేటు. ఈ పంపకం ఇంత సహజంగా ఎలా జరిగిపోతోంది? మనం కూడా ఆ రంగుల కట్ట ఎందుకు అందుకుంటున్నాం?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వంటింటి కొటేషన్ న్యాయంగా ఉందో లేదో తేల్చగలిగిన అర్హత ఆ ఇంట్లో మొదట వంట చేసే మనిషికే ఉంది. ఆ అర్హతని 'అభిరుచి' అనే ముద్దు పేరుతో మన దగ్గర నుంచి లాగేసుకున్నారు. ఆడవాళ్ళకి టేస్టు ఉంటుంది, మగవాళ్ళకి లెక్క తెలుసు అనే మాట పొగడ్తలా వినిపిస్తుంది. కానీ దాని వెల లక్షల్లో ఉంటుంది. వెన్నునొప్పుల్లో కూడా ఉంటుంది.

లెక్కతోనే మొదలుపెడతాను. నా స్నేహితురాలు ఒకావిడ డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతుంది. ఫ్లాటు కొనుక్కున్నారు. పది అడుగులు, ఎనిమిది అడుగుల వంటగది. రెండు గోడల వెంట ఎల్ ఆకారంలో గట్టు. షోరూం వాళ్ళు కొటేషన్‌ని వాళ్ళాయన వాట్సాప్‌కి పంపారు. కింది అరలు 51 చదరపు అడుగులు, పై అరలు 28, అటక తలుపులు 28, మొత్తం 107. చదరపు అడుగు 1,800 రూపాయల చొప్పున 1,92,600. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 34,668. అన్నీ కలిపి 2,27,268. గ్రానైటు, బుట్టలు, చిమ్నీ, కరెంటు పని అదనం. పండగ ఆఫర్ కింద 20 శాతం తగ్గిస్తామన్నారు. ఆయన సంతోషించారు. ఈవిడ మాత్రం టేపు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది.

కింది అరల పొడవు పది, ఎనిమిది కలిపి పద్ధెనిమిది అడుగులు అని రాశారు. కానీ మూల దగ్గర రెండు అడుగులు రెండు గోడల లెక్కలోనూ వచ్చాయి. రేటు కట్టింది కనిపించే తలుపుల వైశాల్యానికి. ఆ రెండడుగుల్ని ఒక్కసారే లెక్కేస్తే పొడవు పదహారు అడుగులే. ఎత్తు 34 అంగుళాలు అని వేశారు. నేల నుంచి గ్రానైటు పైఅంచు దాకా కొలిస్తే అంత వస్తుంది. కింద నాలుగంగుళాల ఖాళీ, పైన రాయి మందం తీసేస్తే తలుపు ఎత్తు 30 అంగుళాలకి మించదు. పదహారు అడుగులని రెండున్నరతో గుణిస్తే 40. రాసింది 51. పదకొండు చదరపు అడుగులు ఎక్కువ. అంటే 19,800 రూపాయలు.

తర్వాత అటక. మన ఇళ్ళల్లో అటక చాలావరకు కాంక్రీటు పలకే. బిల్డరు ముందే కట్టి ఇచ్చేస్తాడు. దానికి కావలసింది ఒక ఫ్రేము, తలుపులు. కింది అరకైతే పెట్టె మొత్తం కావాలి. రెండు అడుగుల వెడల్పున్న ఒక కింది పెట్టెకి రెండు పక్కలు, అడుగు, మధ్య పలక, పైన రెండు పట్టీలు, ముందు తలుపులు అన్నీ లెక్కేస్తే సుమారు 23 చదరపు అడుగుల ప్లైవుడ్ పడుతుంది. వెనక పలచటి రేకు వేరు. ఎనిమిది నాలుగుల షీటు 32 చదరపు అడుగులు కాబట్టి ముప్పావు షీటు అయిపోతుంది. బయటికి కనిపించే తలుపు ఐదు చదరపు అడుగులే. అదే ఐదు అడుగుల అటక తలుపుకి పడేది ఆ ఐదు అడుగులు, కాస్త ఫ్రేము. సరుకు పావు వంతు, పని అంతకన్నా తక్కువ, రేటు మాత్రం రెండింటికీ 1,800! సగం రేటు వేసినా అక్కడ 25,200 తగ్గాలి.

రెండూ కలిపితే 45,000. పన్నుతో 53,100. వాళ్ళు ఇస్తానన్న ఇరవై శాతం తగ్గింపు 38,520. అంటే కొలతల్లో ఎక్కువ రాసుకున్న దాంట్లో కొంత వెనక్కి ఇచ్చి దాన్నే పండగ కానుక అన్నారు. ఈ లెక్కకి ఇంజనీరింగు అక్కర్లేదు. ఐదో తరగతి గుణింతాలు చాలు. మరి ఆవిడ చేతిలోకి ఆ కాగితం ఎందుకు రాలేదు? ఆర్థికశాస్త్రం పాఠం చెప్పే మనిషి కూడా ఆ షోరూంలో రంగులు చూసే 'మేడమే' కాబట్టి.

ఇది కొలతల మోసం. కొలతలు సరిచేస్తే సరిపోతుంది. అంతకన్నా లోతైన అన్యాయం కొటేషన్‌లో అసలు లేని వాటిలో ఉంది. ఆ కాగితంలో ప్లైవుడ్ ఉంటుంది, హింజులు ఉంటాయి, హ్యాండిళ్ళు ఉంటాయి. వంట చేసే మనిషి ఎత్తు ఎక్కడా ఉండదు. ఐదడుగుల మనిషికైనా ఐదున్నర అడుగుల మనిషికైనా గట్టు 34 అంగుళాలే. మోచేతి ఎత్తు కంటే నాలుగైదు అంగుళాలు కిందకి గట్టు ఉంటే కూరలు తరగడానికి భుజాలు లాగవు. పొయ్యి దగ్గర ఇంకా కిందకి ఉండాలి, ఎందుకంటే పొయ్యి ఎత్తు, దాని మీద కుక్కరు ఎత్తు కలుస్తాయి. పప్పు ఎనపాలంటే చెయ్యి పైనుంచి దిగాలి కదా! సింకు దగ్గర దీనికి తిరగబడుతుంది. సింకు అడుగు గట్టు కంటే ఏడెనిమిది అంగుళాలు లోతు. గిన్నెలు తోమే మనిషి అంత మేరా వంగుతుంది. కాబట్టి అక్కడ గట్టు ఎత్తుగా ఉండాలి. మూడు పనులకి మూడు ఎత్తులు. కానీ రాయి ఒకే మట్టంలో పరవడం తేలిక, చూడటానికి బాగుంటుంది. రాయి సౌకర్యం కోసం నడుం వంగుతోంది. ఇది కొటేషన్‌లో ఏ వరసలోనూ కనిపించని ఖర్చు. దీన్ని కట్టేది మాత్రం మనమే, ఇరవై ఏళ్ళ పాటు వాయిదాల్లో.

2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. పాల్గొనే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఈ 289 నిమిషాల్లో అధిక భాగం గడిచే చోటుకి వెల కట్టేటప్పుడు ఆ నిమిషాలకి విలువ లేదు!

ఈ దేశంలో ఇంటిపనికి వెల కట్టే చోటు ఒకటుంది. అది మోటారు ప్రమాద పరిహారాల కోర్టు. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి ఊహాత్మక ఆదాయం ఎలా లెక్కకట్టాలో చర్చించింది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో 2019 నాటి కాల వినియోగ సర్వేనే ఆధారంగా చూపించారు. మంచి తీర్పు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనిషి పోయాక ఆ పనికి వెల కట్టగలుగుతున్నాం. బతికి ఉండి అదే వంటింట్లో నిలబడినప్పుడు ఆ పని తెలిసిన మనిషిని "ఈ రేటు సరైనదేనా?" అని అడగలేకపోతున్నాం.

వంటింటిని లెక్కకట్టడం కొత్తేమీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెటె షుట్టె లిహోట్స్‌కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటింటిని రూపొందించింది. ఇవాళ మనం మాడ్యులర్ అంటున్న దానికి అది పూర్వరూపం. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. వంట మనిషి వేసే ప్రతి అడుగునీ, చెయ్యి చాచే ప్రతి దూరాన్నీ లెక్కపెట్టి గీసింది. సుమారు పదివేల ఇళ్ళల్లో కట్టారు. అప్పటికి తనకి ఇల్లు నడిపిన అనుభవం లేదని ఆవిడే తర్వాత చెప్పింది. తర్వాతి తరం స్త్రీవాదులు ఆ వంటిల్లు ఒక్క మనిషే పట్టేంత ఇరుకని, స్త్రీని ఒంటరిని చేసిందని విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ అక్కడ లెక్క మొదలైంది మనిషి అడుగుతో. మన షోరూముల్లో లెక్క మొదలయ్యేది తలుపు వైశాల్యంతో. నూరేళ్ళలో వంటిల్లు ముందుకి వచ్చిందా, వెనక్కి వెళ్ళిందా?

ఇక్కడ మనలో కొందరు అడ్డు తగులుతారని తెలుసు. వంటిళ్ళని కూల్చెయ్యమన్న కవిత్వం మనది. విమల 'వంటిల్లు' చదివి పెరిగిన తరం మనం. అంతకు ముందే 1898లో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్, ఇంటికో వంటిల్లు అనేదే దండగ అని వాదించింది. అలాంటి వారసత్వం ఉన్న మనం ఇప్పుడు కూర్చుని ప్లైవుడ్ రకాలు నేర్చుకోవాలా? సెమినార్లలో ఇంటిపని విలువ గురించి పత్రాలు చదివే మనం హింజుల ధర అడగడం చిన్నతనం కాదా?

కాదు. చిన్నతనం అనుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. వంటింటిని సిద్ధాంతంగా తిరస్కరించి, దాని కొనుగోలుని భర్తకో, అన్నయ్యకో, బిల్డరుకో వదిలేస్తే వంటిల్లు కూలదు. మరింత ఖరీదుగా, మరింత అసౌకర్యంగా నిలబడుతుంది. కూల్చే రోజు దాకా అందులో నిలబడేది మనమే అయినప్పుడు, దాని లెక్క మన చేతిలో ఉండటం రాజీ ఎలా అవుతుంది? అణిచివేత జరిగే చోటు లెక్కలు తెలిసినవాళ్ళే దాన్ని ఎదిరించగలరని కార్మికోద్యమాలు మనకి నేర్పాయి. ఫ్యాక్టరీ బ్యాలెన్సు షీటు చదవడం కార్మికురాలికి చిన్నతనం అని ఎవరైనా అంటారా?

ఇదంతా ఫ్లాట్లు కొనుక్కునే వాళ్ళ గోల అనే మాట కూడా వస్తుంది. అయితే ఈ పంపకం ఫ్లాట్లతో ఆగదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల్లోని పేద ఆడవాళ్ళ పేరున గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల కూడా ఆడవాళ్ళ పేరునే ఇచ్చింది. కాగితం మీద పేరు ఆవిడది. సిలిండరు అయిపోయాక మళ్ళీ నింపించడానికి డబ్బు తీసే చెయ్యి ఎవరిది? ఎన్ని ఇళ్ళల్లో సిలిండరు మూలన ఉండి పక్కనే కట్టెల పొయ్యి మండుతూ ఉండటం మనం చూడలేదు? అక్కడ పేరు ఆవిడకి, ఖర్చు నిర్ణయం ఆయనకి. ఇక్కడ రంగు ఆవిడకి, రేటు ఆయనకి. వర్గం మారింది గానీ పంపకం మారలేదు.

మరి న్యాయమైన కొటేషన్ ఎలా ఉండాలి? చౌకగా ఉన్నదే న్యాయమైనది అని నేను అనను. ఆ పొరపాటు వల్ల దెబ్బతినేది కార్పెంటరు. మనం రేటు తగ్గించమని పట్టుబడితే కంపెనీ తన లాభం తగ్గించుకోదు. బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళ కూలీ తగ్గిస్తుంది, లేదా చెక్క తగ్గిస్తుంది. బేరం అంటే మనకన్నా బలహీనుల దగ్గర చేసేది అనే అలవాటు మనకి బాగా పట్టించారు. ఆకుకూరల అవ్వ దగ్గర రెండు రూపాయల కోసం నిలబడతాం. ఏసీ షోరూంలో అడగడానికి మాత్రం మొహమాటం. ఆ మొహమాటం అక్కడ వదిలి, ఇక్కడ తెచ్చుకుందాం.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సరుకు, కూలీ, కంపెనీ లాభం విడివిడిగా చూపించమనాలి. చూపించలేమంటే కనీసం పెట్టెకి ఇంత, అటకకి ఇంత, తలుపుకి ఇంత అని విడగొట్టమనాలి. 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అనే మాటకి అర్థం లేదు. ఏ ప్రమాణమో రాయమనాలి. ఐ.ఎస్. 303 కింద వచ్చే ఎం.ఆర్. రకం తేమనే కాస్త ఓర్చుకుంటుంది, నీళ్ళని కాదు. సింకు కింద, నీళ్ళు పోసి వంటిల్లు కడిగే మన ఇళ్ళల్లో గట్టు కింద, ఐ.ఎస్. 710 మెరైన్ ప్లై ఉంటే నిలుస్తుంది. పార్టికల్ బోర్డు అక్కడ ఉబ్బిపోతుంది. పెట్టెల కింద చెక్క కాళ్ళా, ప్లాస్టిక్ కాళ్ళా అన్నది కూడా కొటేషన్‌లో ఉండాలి, ఎందుకంటే మనం నేల తుడవడమే కాదు, కడుగుతాం. ఈ సంగతి కడిగే మనిషికి తప్ప ఎవరికి గుర్తొస్తుంది?

స్టీలు బుట్టల దగ్గర అయస్కాంతం పెట్టి చూపిస్తారు. "చూడండి మేడమ్, అంటుకోవట్లేదు, ప్యూర్ స్టీల్" అంటారు. 304 రకానికీ, తొందరగా తుప్పు పట్టే చౌక 202 రకానికీ కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి ఆ ప్రదర్శన దేనికీ రుజువు కాదు. తడి గిన్నెలు బోర్లించే బుట్ట ఏ గ్రేడో కాగితం మీద రాయించుకోవాలి. చిమ్నీకి పొగ గొట్టం బయటికి వెళుతుందా, లేక ఫిల్టరు గుండా తిప్పి అదే గాలి మళ్ళీ గదిలోకి వదులుతుందా? ఎండుమిరపకాయల తాలింపు పెట్టే ఇంట్లో ఈ ప్రశ్న అలంకారం కాదు, ఊపిరికి సంబంధించింది.

ఇంకో మనిషి గురించి కూడా అడగాలి. గిన్నెలు తోమడానికి వచ్చే మనిషి. అయిదు బర్నర్ల పొయ్యికి, గ్లాసు తలుపులకి, లోపల వెలిగే లైట్లకి డబ్బు పెట్టే కొటేషన్లలో ఆవిడ నిలబడి తోమే చోటుకి ఒక్క వరస ఉండదు. బాల్కనీ మూలన, మోకాలి ఎత్తు గోడ, కింద ఒక కుళాయి. కూర్చుని తోముకోవాలి. మన నడుం కోసం వాదించి ఆవిడ నడుం మర్చిపోతే మన స్త్రీవాదం కూడా షోరూం కొటేషన్ లాంటిదే. అసలైనవి అదనం కింద వదిలేసినట్టే.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, డబ్బు కట్టి కొన్నవాళ్ళనే కాక వాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళని కూడా వినియోగదారుగా గుర్తిస్తుంది. మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. అంటే, కొటేషన్ మీద పేరు ఆయనదే అయినా వంటింట్లో నిలబడే మనిషి గొంతు చట్టానికి వినిపిస్తుంది. షోరూంకి వినిపించని గొంతు చట్టానికి వినిపించడం కొంత నయమే. కానీ ఫిర్యాదు నిలబడాలంటే ప్రతి మాటా కాగితం మీద ఉండాలి. "అది అందరికీ తెలిసిందే కదా మేడమ్" అన్నవేవీ అక్కడ పనికిరావు.

మన పత్రికల్లో ఇంటిపని విలువ గురించి ఎంతో రాసుకున్నాం. జీతం లేని శ్రమ అని, కనిపించని శ్రమ అని పేర్లు పెట్టుకున్నాం. ఆ శ్రమని కనిపించేలా చెయ్యడానికి ఒక మామూలు కాగితం రోజూ మన ఇళ్ళల్లోకి వస్తోంది. అందులో మన ఎత్తు రాయమందాం. మన పనులు రాయమందాం. తోమే మనిషి చోటు రాయమందాం. ఎవరు వండుతారు అనే ప్రశ్న కూడా అక్కడే లేస్తుంది. ఒక్క ఎత్తుకే గట్టు కట్టించుకుంటే ఆ పని ఒక్కరిదే అని రాయి మీద రాసి ఇచ్చినట్టు. కొలతలు తీసే రోజున ఇంట్లో మగవాళ్ళని కూడా గోడ పక్కన నిలబెట్టి మోచేతి ఎత్తు కొలిపించండి. ఎందుకని అడుగుతారు. జవాబు చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.